మతగ్రంథాన్ని పక్షపాతం లేకుండా చదవడం ఎలా? మెట్టు మెట్టుగా

"ఖురాన్‌లో ఇలా ఉందట, నిజమేనా?" "మనుస్మృతిలో అలా రాశారటగా?" "బైబిలు యిర్మీయా గ్రంథంలోని ఆ వాగ్దానం మనకేనా?" అమలాపురం నుంచి నరసాపురం దాకా ఈ ప్రశ్నలు వినపడని ఊరు లేదు. ఒకే వీధిలో రామాలయం, చర్చి, ఆ పక్క వీధిలో మసీదు ఉన్న ఊళ్ళు మనవి. ఫోనుకి వచ్చిన ఒక్క ముక్క చూసి ఔననో కాదనో అనేయడం తేలికే. ఆ ముక్క అసలేమంటోందో తేల్చాలంటే మాత్రం కొంత ఏర్పాటు, కొంత వరస కావాలి.

ఇందుకోసం ఉన్న భక్తి వదులుకోనక్కర్లేదు, లేని భక్తి తెచ్చుకోనక్కర్లేదు. "ఈ మాట ఏమంటోంది?" అన్నది ఒక ప్రశ్న. "దీన్ని నేను ఒప్పుకుంటానా?" అన్నది వేరే ప్రశ్న. మొదటిది తేలకముందే రెండోదానికి జవాబు చెప్పేస్తే చదువు అక్కడే పాడవుతుంది. కింది మెట్లన్నీ ఈ రెండింటినీ విడిగా ఉంచడానికే.

1. కూర్చునే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

• పూర్తి గ్రంథం. ఏరి కూర్చిన వాక్యాల పుస్తకం, క్యాలెండరు, ఫోనులో వచ్చిన బొమ్మ పనికిరావు.
• కనీసం రెండు అనువాదాలు, వేర్వేరు సంప్రదాయాల వాళ్ళవి. గీతకైతే ఒకటి శంకరుల దారిది, ఒకటి రామానుజుల దారిది. బైబిలుకైతే పాత తెలుగు అనువాదం ఒకటి, వాడుక భాషలోది ఒకటి. ఖురాన్‌కైతే పక్కనే అరబీ మూలం వేసిన ప్రతి ఒకటైనా ఉండాలి.
• నిఘంటువు. సంస్కృతానికి సంస్కృత–తెలుగు నిఘంటువు. హీబ్రూ, గ్రీకు, అరబీ రాకపోయినా ఫరవాలేదు, మూలపదం ఏ ఏ చోట్ల వచ్చిందో చూపించే పదసూచిక ఉంటే చాలు.
• 200 పేజీల లాంగ్ నోటుబుక్కు, పెన్సిలు, రబ్బరు.
• పది వాక్యాలకు గంటన్నర సమయం. ఇంతకంటే తొందరగా అయిపోయిందంటే ఏదో మెట్టు దాటేశారన్నమాట.

రాజమండ్రికి దగ్గర్లో ఉన్నవారు పాత ముద్రణల కోసం ముందు గౌతమీ గ్రంథాలయంలో అడగడం మంచిది.

ఇంకొకటి. పక్షపాతం లేకుండా చదవడమంటే మర్యాద లేకుండా చదవడం కాదు. ముస్లిం మిత్రుడి ఇంట్లో అరబీ ఖురాన్ ముట్టుకునేముందు అడగండి, ఏ గ్రంథాన్నీ నేలమీద పెట్టకండి. పక్కవాడి మనసు నొచ్చుకుంటే ఆ తర్వాత ఎంత మంచి ప్రశ్న అడిగినా వినేవాడుండడు.

2. ఖాళీ తక్కెడ చూసుకోండి

సంతలో సరుకు వేయకముందే తక్కెడ ఎటు మొగ్గుతోందో చూస్తాం. ఇక్కడా అంతే. గ్రంథం తెరవకముందు నోటుబుక్కు మొదటి పేజీలో మూడు వాక్యాలు రాయండి.

• ఈ వాక్యం గురించి నాకు ఇదివరకు ఎవరు, ఏం చెప్పారు?
• ఇది ఏమని తేలితే నాకు సంతోషం?
• ఏమని తేలితే నాకు కష్టంగా ఉంటుంది?

మూడో ప్రశ్నకు నిజాయితీగా రాయాలి. సాధారణంగా మనం తప్పు చదివేది అక్కడే. పని ముగిశాక ఈ పేజీకి తిరిగి రండి. తేలినది రెండో వాక్యంతో అచ్చంగా సరిపోతే, ఇంకొక్కసారి మొదటినుంచి చూడాలి.

3. నోటుబుక్కులో నాలుగు గళ్ళు

పేజీని అడ్డంగా తిప్పి నాలుగు నిలువు గళ్ళు గీయండి.

మొదటి గడి: వాక్యం, ఉన్నది ఉన్నట్టు.
రెండో గడి: వ్యాఖ్యాతలు ఏమన్నారు, ఎవరెవరు.
మూడో గడి: నాకేమనిపించింది.
నాలుగో గడి: తేలనివి.

మొదటి గడికి ఒక్కటే నియమం. అందులో "అంటే" అన్న మాట రాకూడదు. "అంటే" అని రాశారంటే మీరు వాక్యం దాటి వివరణలోకి వెళ్ళిపోయినట్టే, ఆ ముక్కని రెండో గడిలోకో మూడో గడిలోకో జరపండి. ఈ చిన్న కట్టుబాటు ఎన్ని వాదనలను ఆపుతుందో వాడి చూస్తే తెలుస్తుంది.

నాలుగో గడి ఖాళీగా ఉంటే అనుమానించండి. పాత గ్రంథాల్లో పది వాక్యాలకు ఒక్కటైనా తేలని ముడి ఉంటుంది.

4. ఆ మాట అసలు అక్కడ ఉందా?

అర్థం వెతికేముందు ఉనికి వెతకాలి. అధ్యాయం, శ్లోకం, ఆయతు (ఖురాన్ వాక్యం) సంఖ్య లేకుండా వచ్చిన ఉల్లేఖనను చర్చలోకి రానివ్వకండి.

చాలామంది మూలంలో ఉందనుకునేవి, మూలంలో లేనివి కొన్ని చూడండి. లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణం అరణ్యకాండలో లేదు. క్రిస్మస్ నాటకంలో జ్ఞానులు ముగ్గురు వస్తారు, కానీ మత్తయి 2వ అధ్యాయం వాళ్ళ సంఖ్య చెప్పదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మాత్రమే మూడు. స్వర్గంలో డెబ్భైరెండుమంది కన్యలు అన్న లెక్క ఖురాన్‌లో లేదు, అది హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలు) సంప్రదాయంలోది. "అహింసా పరమో ధర్మః" మహాభారతంలో ఉంది. దాని వెనక ఈమధ్య తగిలిస్తున్న "ధర్మహింసా తథైవ చ" అన్న ముక్క మహాభారతంలో లేదు.

మూలంలో లేనంత మాత్రాన ఆ సంగతి విలువలేనిదని కాదు. అది తర్వాతి సంప్రదాయానిదని గుర్తించి రెండో గడిలో రాయాలి, అంతే.

సంఖ్య సరిపోకపోతే వెంటనే అబద్ధమని తేల్చకండి. గీత 13వ అధ్యాయం కొన్ని ప్రతుల్లో 34 శ్లోకాలు, కొన్నింటిలో 35. మొదట్లో అర్జునుడి ప్రశ్నను కలుపుకోవడంవల్ల తేడా. బైబిలు కీర్తనల సంఖ్య పాత కతోలిక ప్రతుల్లో చాలాచోట్ల ఒకటి వెనక్కి ఉంటుంది. కాబట్టి ముందు రెండు, వెనక రెండు చూసి అప్పుడు చెప్పండి.

పాఠాంతరాలు (ప్రతికీ ప్రతికీ మధ్య మాటల తేడాలు) కూడా ఈ మెట్టులోనే చూడాలి. బైబిలు మార్కు సువార్త 16:9–20 అతి ప్రాచీన గ్రీకు ప్రతులైన సైనాయిటికస్, వాటికానస్‌లలో లేదు. ఖురాన్ మొదటి సూరా (అధ్యాయం) 4వ ఆయతులో ఒక పఠన సంప్రదాయం "మాలిక్" (యజమాని) అని, మరొకటి "మలిక్" (రాజు) అని చదువుతాయి. మహాభారతానికి పుణెలోని భండార్కర్ సంస్థ 1919 నుంచి 1966 దాకా ప్రతులన్నీ పోల్చి సంశోధిత ప్రతి తెచ్చింది. మీ శ్లోకం ఆ ప్రతిలో పైన ఉందా, అడుగున పాఠాంతరాల్లో ఉందా అన్నది చూడవలసిన సంగతి.

5. పైకి పది, కిందికి పది

శివారు చేలో నిలబడి బోదెలో నీళ్ళు చూస్తే అవి ఎటునుంచి వచ్చాయో తెలియదు. గట్టెక్కి లాకు దాకా నడవాలి. వాక్యానికీ అదే. పైన పది వాక్యాలు, కింద పది వాక్యాలు చదవండి. అప్పటికీ విషయం ఎక్కడ మొదలైందో కనపడకపోతే ఇంకా పైకి వెళ్ళండి.

సంఖ్యలను నమ్ముకుని ఆగిపోవద్దు. బైబిలు అధ్యాయ విభజన 13వ శతాబ్దానిది, కొత్త నిబంధనలో ఇప్పుడున్న వాక్య సంఖ్యలు 1551లో ముద్రాపకుడు రాబర్ట్ ఎస్టియెన్ వేసినవి. రాసినవాళ్ళు అక్కడ ఆపమని చెప్పలేదు.

యిర్మీయా 29:11 గోడల మీద, పెళ్ళి శుభలేఖల మీద కనిపించే వాక్యం: "అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." పైకి వెళ్తే అది బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. 5వ వచనం: ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి. 10వ వచనం: డెబ్భై ఏళ్ళు గడిచాకే తిరిగి రప్పిస్తాను. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి రావడం చూసి ఉండరు. ఈ సంగతి మొదటి గడిలోకి వస్తుంది. "ఈ వాగ్దానం నాకూ వర్తిస్తుంది" అన్నది విశ్వాసి మూడో గడి. రెండూ ఉండవచ్చు, గడి మారకూడదు.

ఖురాన్ 9:5 ఇంకో రకంగా దెబ్బతింటుంది. "బహుదైవారాధకులను ఎక్కడ కనపడితే అక్కడ చంపండి" అన్న ముక్క మాత్రం తిరుగుతుంటుంది. వాక్యం మొదలే "నిషిద్ధ మాసాలు గడిచాక" అని. 9:4 ఒప్పందం నిలబెట్టుకున్నవారిని మినహాయిస్తుంది. 9:6 వాళ్ళలో ఎవరైనా శరణు కోరితే ఇచ్చి, భద్రమైన చోటికి చేర్చమంటుంది. 9:13 ప్రమాణాలు తప్పి, ముందుగా తలపడినవారి గురించి మాట్లాడుతుంది. ఇదంతా మొదటి గడి. ఇక ఈ ఆయతు ఎంత దూరం వర్తిస్తుంది, అంతకు ముందరి శాంతి ఆయతులను రద్దు చేసిందా అన్న దాని మీద ముస్లిం ధర్మవేత్తల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. అవి రెండో గడిలో, రెండు పక్షాలూ రాయాలి. మొదటి గడి చూపించి "అంతా శాంతే" అనడం, ఒక్క ముక్క చూపించి "అంతా హింసే" అనడం, రెండూ పని మధ్యలో వదిలేయడమే.

6. ఎవరు, ఎవరితో, ఏ రకం మాట

గ్రంథంలో ఉన్న ప్రతి మాటా గ్రంథం ఒప్పుకున్న మాట కాదు. బైబిలు యోబు గ్రంథంలో యోబు స్నేహితులు అధ్యాయాల తరబడి మాట్లాడతారు. 42:7లో దేవుడే వాళ్ళు తన గురించి యుక్తంగా పలకలేదంటాడు. ఆ స్నేహితుల వాక్యం ఒకటి కోసి "బైబిలు ఇలా అంటోంది" అంటే చెల్లదు. గీతలోనూ మొదటి అధ్యాయంలో దుర్యోధనుడి మాటలున్నాయి.

పాత తెలుగు బైబిలు ఒక మేలు చేస్తుంది. అందులో ఒక్కరికైతే రాజుకైనా "నీవు", పదిమందికైతే "మీరు". మన వాడుకలో "మీరు" మర్యాద కూడా కాబట్టి ఈ తేడా జారిపోతుంది. యిర్మీయా 29:11లోని "మిమ్మును" జనసమూహానికి చెప్పినది.

మాట రకం కూడా చూడాలి: శాసనమా, పాటా, ఉపమానమా, సామెతా, ఉత్తరమా? బైబిలు సామెతల గ్రంథం 26:4 మూర్ఖుడికి వాడి దారిలో జవాబివ్వకు అంటుంది, ఆ వెంటనే 26:5 ఇవ్వు అంటుంది. శాసనంగా చదివితే వైరుధ్యం, సామెతగా చదివితే రెండు సందర్భాలు. మన తెలుగు సామెతలు కూడా ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి, దానికి ఎవరూ గొడవపడరు.

7. తెలుగు మాటే తప్పుదారి పట్టించే చోటు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. హీబ్రూ, అరబీ మాటలు తెలియనివని మనకు తెలుసు కాబట్టి అడుగుతాం. తెలిసినట్టు కనిపించే తెలుగు మాట దగ్గర అడగం, అక్కడే పడిపోతాం. ఒకే వీధిలో ఒకే మాటకు రెండు గుమ్మాల్లో రెండు అర్థాలున్నాయి.

• సమాధానం: మన వాడుకలో జవాబు. తెలుగు బైబిలులో శాంతి, క్షేమం, హీబ్రూ "షాలోమ్"కు వాడిన మాట.
• నిరీక్షణ: వాడుకలో ఎదురుచూపు. బైబిలులో ఆశ, నమ్మకంతో కూడిన ఆశ.
• ధర్మశాస్త్రం: హిందువుల ఇంట మనువు, యాజ్ఞవల్క్యుడు. బైబిలులో మోషే ధర్మశాస్త్రం.
• ప్రవచనం: గుడిలో పండితుడు చేసే ప్రసంగం. చర్చిలో ప్రవక్త పలికిన దైవవాక్కు.
• ఆత్మ: గీత 2.20లో పుట్టనిది, చావనిది. తెలుగు బైబిలులో హీబ్రూ "రూఅహ్", గ్రీకు "న్యూమా"లకు వాడతారు, ఆ మాటలకు గాలి, ఊపిరి అన్న అర్థాలూ ఉన్నాయి. గీతలో కూడా అన్నిచోట్లా ఒకటే కాదు. 6.5లో "ఉద్ధరేదాత్మనాత్మానం" దగ్గర తనను తాను, మనసు అన్న అర్థాలు ముందుకొస్తాయి.
• కర్మ: "నా కర్మ" అంటే మనకు తలరాత. గీతలో చాలాచోట్ల చేసే పని.
• ఔలియా: దర్గా దగ్గర వినే మాటగా పుణ్యపురుషులు. ఖురాన్ 5:51లో కొందరు "స్నేహితులు" అన్నారు, కొందరు "సంరక్షకులు, అండగా నిలిచే మిత్రపక్షం" అన్నారు. ఏది ఎంచుకుంటే వాక్యం దాన్నిబట్టి మారిపోతుంది, కాబట్టి రెండూ రాయండి.

ఏం చేయాలి? వాక్యంలో బరువు మోస్తున్న రెండు మూడు మాటలకు గీత గీయండి. అదే మూలపదం అదే గ్రంథంలో ఇంకెక్కడెక్కడ వచ్చిందో కనీసం ఐదు చోట్లు చూడండి. అర్థం ఆ ఐదు చోట్లనుంచి రావాలి, మన వీధిలోంచి కాదు.

ధాతువు పట్టుకుని ఊగిపోవడం కూడా పొరపాటే. "కాఫిర్"కు మూలార్థం కప్పేవాడు. ఖురాన్ 57:20లో వాన పడ్డాక మొలిచిన పైరు చూసి ముచ్చటపడే "కుఫ్ఫార్"ను చాలామంది అనువాదకులు రైతులనే అన్నారు, విత్తనాన్ని మట్టితో కప్పేవాడు కాబట్టి. నారుమడి ఎరిగినవాళ్ళకు ఇది ఇట్టే పడుతుంది. అయితే దీన్నిబట్టి మిగతా అన్నిచోట్లా రైతు అనలేం, అక్కడ సత్యాన్ని నిరాకరించేవాడనే అర్థం. తెలుగులో "పలుకుబడి" కూడా మొదట మాట తీరే. పలుకుబడి ఉన్నవాడంటే ఈరోజు ఎవరూ అలా అర్థం చేసుకోరు.

8. ఒక్క శ్లోకం పూర్తిగా: గీత 2.47

కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన
మా కర్మఫలహేతుర్భూర్మా తే సంగోఽస్త్వకర్మణి

అందరికీ నోటికి వచ్చిన శ్లోకం, అందుకే పరీక్షకు మంచిది. పదచ్ఛేదం, అన్వయం, ప్రతిపదార్థం, తాత్పర్యం అని పాతకాలపు వరసలోనే వెళ్దాం.

పదచ్ఛేదం: కర్మణి, ఏవ, అధికారః, తే, మా, ఫలేషు, కదాచన, మా, కర్మఫలహేతుః, భూః, మా, తే, సంగః, అస్తు, అకర్మణి. పదిహేను పదాలు. మూడు "మా"లూ వద్దు, కాదు అనే నిషేధాలు.

అన్వయం: "ఏవ" కర్మణితో కలుస్తుంది, కర్మలోనే అని. రెండో పాదానికి క్రియ వేరే లేదు, మొదటి పాదంలోని "అధికారః" అక్కడికీ వస్తుంది. ఫలాలలో ఎన్నడూ అధికారం లేదు.

ప్రతిపదార్థం దగ్గర రెండు ముళ్ళున్నాయి. మొదటిది "అధికారం". తెలుగులో పెత్తనం, హోదా. సంస్కృత శాస్త్రభాషలో ఒక పనికి అర్హత, యోగ్యత. కర్మకు నీవు అర్హుడివి అన్నది ఒకటి, కర్మపై నీకు పెత్తనం ఉంది అన్నది వేరు. రెండోది "కర్మఫలహేతుః". బహువ్రీహిగా విప్పితే కర్మఫలమే హేతువుగా గలవాడు, అంటే ఫలం కోసమే చేసేవాడు. షష్ఠీ తత్పురుషంగా విప్పితే కర్మఫలానికి హేతువైనవాడు. శంకరులు ఇక్కడ రెండో విధంగా విప్పారు. రెండు శ్లోకాల కింద, 2.49లో "కృపణాః ఫలహేతవః" అని అదే మాట వస్తుంది, అక్కడ మొదటి విధం బాగా అతుకుతుంది. ఇది రెండో గడి.

ఇప్పుడు పైకి కిందికి. 2.42–44 స్వర్గం, భోగం, ఐశ్వర్యం కోసం వేదకర్మలు చేసేవారి పుష్పించిన మాటలను విమర్శిస్తుంది. కాబట్టి దగ్గర్లో ఉన్న "ఫలం" అలాంటిది. 2.48 సంగం (అంటిపెట్టుకోవడం) విడిచి, సిద్ధి అసిద్ధుల్లో (పని జరిగినా జరగకపోయినా) సమంగా ఉండి పనిచేయమంటుంది.

పదే శ్లోకాల పైన, 2.37లో కృష్ణుడే "చంపబడితే స్వర్గం, గెలిస్తే రాజ్యం" అని రెండు ఫలాలు చూపించాడు. దీన్ని దాచకండి. 2.39లో "ఇంతవరకూ సాంఖ్యం, ఇక యోగం విను" అన్న మాటనుబట్టి అక్కడ దారి మారిందని చెప్పే వ్యాఖ్యానం ఉంది. అది చాలునా లేదా అన్నది నాలుగో గడి.

ఎక్కువమంది చెప్పేటప్పుడు వదిలేసేది నాలుగో పాదం: పని మానడం మీద కూడా నీకు సంగం వద్దు. పోరాడనని కూలబడినవాడితో అంటున్న మాట కాబట్టి శ్లోకం బిగువంతా అక్కడ ఉంది.

తాత్పర్యం, మొదటి గడి మేరకు: నీకు అర్హత కర్మలోనే, ఫలాల్లో కాదు, కర్మఫలహేతువు కావద్దు, చేయకపోవడాన్నీ పట్టుకోవద్దు. కూలివాడు కూలి అడగరాదా? ఉద్యోగి జీతం పెంచమనరాదా? శ్లోకం ఆ సంగతి ఎత్తలేదు. దాన్ని అలా వాడేవాళ్ళ వాదం మూడో గడిలోది. పనివాడి నోరు మూయించడానికి ఈ శ్లోకం వాడటం గ్రంథానికీ, పనివాడికీ అన్యాయమే.

9. ఆరు గుర్తులతో సరిచూడటం

ఒక ప్రకరణం మొత్తం దేని గురించి అన్నది తేల్చడానికి మన మీమాంసకులు (వేదవాక్యాల అర్థం తేల్చే శాస్త్రం వాళ్ళు) ఆరు గుర్తులు పెట్టారు: ఉపక్రమ ఉపసంహారాలు (మొదలు, ముగింపు కలిపి ఒకటి), అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. ఇవి ఏ మతగ్రంథానికైనా పనిచేస్తాయి.

మొదటి రెండూ ఎక్కువ పనికొస్తాయి. మొదలు, ముగింపు పోల్చండి: గీతోపదేశం 2.11లో "శోకించకూడని దానికి శోకించావు" అని మొదలై, 18.66లో "మా శుచః" అని ముగుస్తుంది. బైబిలులో ప్రసంగి 1:2లోనూ 12:8లోనూ "వ్యర్థము" అనే పలుకుతాడు. అభ్యాసమంటే మళ్ళీ మళ్ళీ చెప్పడం: ఖురాన్ 55వ సూరాలో 78 ఆయతుల్లో ఒకే పల్లవి 31 సార్లు వస్తుంది. గీతలో ఫలత్యాగం 4.20, 5.12, 6.1, 12.12, 18.11లలో తిరిగి వస్తుంది. ఒక్కసారి వచ్చిన మాట మీద కట్టిన సిద్ధాంతం కన్నా పదిసార్లు వచ్చిన మాట మీద కట్టింది గట్టిది.

మిగతావి క్లుప్తంగా: ఇక్కడే కొత్తగా చెప్పింది అపూర్వత, చెప్పిన ప్రయోజనం ఫలం, పొగడ్తా తెగడ్తా అర్థవాదం, ఇచ్చిన యుక్తి ఉపపత్తి. పొగడ్తను విధిగా, ఆజ్ఞగా పట్టుకోకూడదు.

10. వ్యాఖ్యానం ఎప్పుడు తెరవాలి

ఇన్ని మెట్లూ అయ్యాకే. ముందే తెరిస్తే మొదటి గడి వ్యాఖ్యాత చేతిరాతతో నిండిపోతుంది. కనీసం ఇద్దరు పరస్పరం విభేదించేవాళ్ళను చదవండి.

పెద్దలను అడిగేటప్పుడు ప్రశ్న ఇలా ఉండాలి: "శాస్త్రిగారూ, ఈ మాట మూలంలో ఉందాండీ, భాష్యంలోదాండీ?" పాస్టరుగారినైనా, ఇమాంగారినైనా అదే. "ఇది నిజమేనా?" అని అడిగితే విశ్వాసం చెప్తారు. "ఎక్కడ ఉంది?" అని అడిగితే పుస్తకం తీస్తారు.

ఆ తర్వాత పూర్వపక్షం రాయండి. మీకు నచ్చని అర్థాన్ని, దాన్ని నమ్మేవాడు చదివి "అవును, నేననేది ఇదే" అనేలా ఐదు వాక్యాల్లో రాయాలి. అతనికి చూపించండి. కాదంటే మళ్ళీ రాయండి.

11. ఒకే తూకం

ఇది దాటకుండా తీర్పు చెప్పకండి. మీకు దగ్గరైన గ్రంథంలోంచి ఒకటి, దూరమైన దాంట్లోంచి ఒకటి, ఒకే రకం వాక్యాలు తీసుకుని పక్కపక్కన పెట్టండి.

మనుస్మృతి 3.56 "యత్ర నార్యస్తు పూజ్యంతే" చెప్పేవారు 9.3 "న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి" చెప్పరు, 9.3 చెప్పేవారు 3.56 చెప్పరు. రెండూ ఒకే గ్రంథం. ఖురాన్ 5:32 "ఒక్కరిని చంపితే మానవాళిని చంపినట్టే" దగ్గర ఇశ్రాయేలు సంతతికి విధించాం అన్న మొదలు, మినహాయింపు, దాని వెనకే శిక్షలు చెప్పే 5:33 కలిపి చదవాలి. మత్తయి 5:44 శత్రువులను ప్రేమించమంటుంది, 1 సమూయేలు 15:3 పసిపిల్లలతో సహా అమాలేకీయులను హతం చేయమంటుంది.

• సందర్భం చూడాలి అని మన గ్రంథానికి అన్నానా? వాళ్ళదానికీ అన్నానా?
• "ఆ కాలం అలాంటిది" అన్న వెసులుబాటు ఇద్దరికీ ఇచ్చానా?
• వాళ్ళ ఆచరణను మన ఆదర్శంతో పోలుస్తున్నానా?

12. తరచు జరిగే తప్పులు, దిద్దుబాటు

బ్రాకెట్లలోని మాటలను మూలం అనుకోవడం. అవి అనువాదకుడివి. ఒకసారి బ్రాకెట్లు వదిలి చదవండి, తేడా ఎక్కడుందో కనపడుతుంది.

నేటి సైన్సును పాత వాక్యంలో చూడటం. ఆ విషయం కనిపెట్టకముందు ఎవరైనా ఆ వాక్యాన్ని అలా చదివారా అని అడగండి. లేకపోతే మూడో గడికి పంపండి.

"అన్ని మతాలూ చెప్పేది ఒకటే" అని కలిపేయడం. కలిసి బతికే ఊళ్ళో ఈ మాట మంచి మనసుతోనే వస్తుంది. కానీ అవతలివాడు చెప్పేది వినకుండానే ఒప్పేసుకోవడం అది. పోలికలు రాసేముందు మూడు తేడాలు రాయండి.

తెలుగు కావ్యాన్ని మూలానికి సాక్ష్యంగా తేవడం. తిక్కన గారు తెలుగు భారతంలో గీతను చాలా కుదించారు. పోతన గారి పద్యంలో ఆయన సొంత పెంపు ఉంటుంది. వాటిని వాటికోసం చదవండి, సంస్కృత శ్లోకానికి సాక్ష్యంగా కాదు.

తప్పు పట్టడానికే చదవడం. గుర్తు ఏమిటంటే, నోటుబుక్కులో ఒక్కటైనా మీకు అనుకోనిది ఉండదు.

13. నలుగురు కలిసి చదివేటప్పుడు

నలుగురి నుంచి ఆరుగురు చాలు, ఒకే మతం వాళ్ళే ఉండకుండా చూడండి. అరుగు మీదో, లైబ్రరీలోనో, ఎవరి ప్రార్థనాస్థలమూ కాని చోట కూర్చోండి. గంటన్నరను ఇలా పంచుకోవచ్చు:

• 10 నిమిషాలు: వాక్యం పైకి మూడుసార్లు చదవడం. ఆ గ్రంథం తనది కానివాడు చదవాలి.
• 30 నిమిషాలు: మొదటి గడి. "అంటే" వినపడితే ఎవరైనా ఆపవచ్చు.
• 20 నిమిషాలు: మాటలు, ఐదు చోట్లు.
• 20 నిమిషాలు: వ్యాఖ్యానాలు. ఒక్కో పక్షాన్ని దాన్ని ఒప్పుకోనివాడు చెప్పాలి.
• 10 నిమిషాలు: నాలుగో గడి నింపడం.

మూడో గడి అక్కడ చదవకండి, అది ఎవరి ఇంటికి వాళ్ళు తీసుకెళ్ళేది. గొంతు పెరిగితే వాదన ఆపి మళ్ళీ వాక్యం చదవండి. చర్చను ఫోనులో రికార్డు చేసి గ్రూపుల్లో పెట్టకండి, ముక్కలై తిరిగేది అదే.

నెలకోసారి నాలుగో గడులన్నీ ముందేసుకుని, ఏ ముడి ఎవరిని అడగాలో పంచుకోండి. వచ్చేవారం ఏ పది వాక్యాలో, ఎవరు చదువుతారో పేజీ చివర రాసుకున్నాకే లేవండి.